లోపల్నించి పలికినవాడు

సోమవారం పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలకి నేను స్టేషన్ మెట్లెక్కేసరికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జయకృష్ణ కేసు ముగించేసి తీరుబడిగా టీ తాగుతున్నాడు.

"ఆలస్యంగా వచ్చారు హైమవతి గారూ. ముద్దాయిని నాలుగు గంటలకి కోర్టులో పెడుతున్నాం. మీకు మిగిలిందేమీ లేదు" అన్నాడు.

ఆయనకి నేనంటే పంటికింద రాయి. ఆత్మహత్యలని ఆయన మూసేసిన రెండు కేసుల్ని నేను హత్యలని తేల్చాను. ఆరేళ్లయినా ఆయన ఆ సంగతి మర్చిపోలేదు. నేనూ మర్చిపోనివ్వలేదనుకోండి.

నాది విజయనగరం. వీణ పాఠాలు చెప్పుకుని బతికిన కుటుంబం మాది. శ్రుతి తప్పిన తీగని మా అమ్మ వీధి గుమ్మంలోంచే పట్టేసేది. నాకు వీణ అబ్బలేదు గానీ ఆ చెవి అబ్బింది. దాంతోనే ఇరవై రెండేళ్లుగా ఈ డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను.

చనిపోయినాయన పేరు చంద్రశేఖరం. శ్రీకాకుళంలో చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. శవం దొరికింది కళింగపట్నం దగ్గర సరుగుడు తోటల్లో ఉన్న పాత బంగళాలో. దాన్ని ఊళ్లో వాళ్లు పిచ్చిదొరల బంగళా అంటారు. కంపెనీ కాలం నుంచీ ఈ దేశం వచ్చిన దొరలకీ, తెల్ల సిపాయిలకీ ఇక్కడ మతి చెడితే, స్వదేశంలోని పిచ్చాసుపత్రికి పంపడానికి ఓడ వచ్చేదాకా ఆ బంగళాలో ఉంచేవారట. సముద్రం అనుకూలించే నెలల్లోనే ఓడ. పైనుంచి కాగితాలు వస్తేనే ప్రయాణం. కాగితాలు రానివాళ్లు ఏళ్ల తరబడి ఆ ఏడు గదుల్లో కూర్చున్నారు. వాళ్ల మీద పుస్తకం రాస్తూ చంద్రశేఖరం గారు ఏడాదిగా అక్కడికి వెళ్తున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆయన బంగళాకి వెళ్లారు. శనివారం పొద్దున్న ఏడు దాటాక నాలుగో గదిలో, తల వెనక దెబ్బతో శవమై కనిపించారు. తలుపు బయటినుంచి గెడవేసి ఉంది. గదిలో పాతకాలపు ఇనప సంకెళ్లు ఉంటే వాటితోనే కొట్టారు. మూడు నుంచి నాలుగున్నర లోపల ప్రాణం పోయిందని పోస్ట్‌మార్టం. గెడలు వేసేది, తీసేది ఒక్క కాపలాదారు గంగరాజే. పుస్తకం వస్తే బంగళా ప్రభుత్వం చేతికి పోతుంది, వెనక పాకలో కాపురం ఉంటున్న గంగరాజు రోడ్డున పడతాడు, అందుకే చంపాడు అని జయకృష్ణ లెక్క. నిన్న సాయంత్రం అరెస్టు చేశాడు.

చంద్రశేఖరం గారి భార్య పార్వతీదేవి ఆ లెక్క నమ్మలేదు. "ఏడాదిగా మా ఆయనకి ఇంత చేపల పులుసు అన్నం పెట్టినవాడు. వాణ్ణి పోగొట్టి నన్నేం చేసుకోమంటారు?" అని ఏడ్చి, నన్ను పిలిపించింది.

స్టేషన్ వరండాలో గంగరాజు భార్య గురమ్మ కేరేజి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి వెళ్లేముందు ఆవిణ్ణి రెండు ముక్కలు అడిగాను. శుక్రవారం మూడున్నరకి సంత నుంచి వచ్చిందట. బంగళా ముందు ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ, చీకటి పడబోయేదాకా వాకిట్లోనే కూర్చుందట. లోపలికి గానీ బయటికి గానీ పోవాలంటే ఆవిడ ముందునుంచే పోవాలి. గెడలు వెయ్యడానికి వెళ్లిన గంగరాజు తప్ప ఎవరూ పోలేదు. చంద్రశేఖరం గారు తను రాకముందే వెళ్లిపోయారనుకుంది.

"నా పెనిమిటి సీవకి కూడా అపకారం సెయ్యడమ్మా. ఆడు రాడేటి ఇంటికి?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు నాలుగింటి లోపల సంపాదించాలి.

గంగరాజు యాభై దాటిన మనిషి. లాకప్‌లో గోడకి ఆనుకోకుండా, గది మధ్యలో కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రం ఏం చేశావో గది గదికీ చెప్పమన్నాను. మధ్యాహ్నమంతా వెనక పాకలో పడుకుని లేచి, అయిదున్నరకి గెడలు వెయ్యడం మొదలుపెట్టాడట. ఒకటో గది దగ్గర పిలిచినాను, తీసి సూసినాను, గెడేసినాను అన్నాడు. రెండో గదికీ అదే వరస, మూడో గదికీ అదే. నాలుగో గది దగ్గరికొచ్చేసరికి పిలిచినాను, గెడేసినాను అన్నాడు. అయిదో గదికి మళ్లీ మూడు మాటలూ వచ్చాయి.

నాలుగో గది మళ్లీ చెప్పమన్నాను. ఈసారి మూడు మాటలూ కలిపి చెప్పాడు, కానీ నడిమి మాట అతికించినట్టు వినపడింది.

"గంగరాజూ, మిగతా ఆరు గదులూ తీసి చూశావు. దాన్నొక్కదాన్నీ చూడలేదు. ఎందుకని?"

గంగరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఖాళీ బంగళాలో ఎవర్ని పిలుస్తావని ముందు అడిగాను. అది చెప్పడానికి ఆయనకి భయం లేదు. వాళ్ల తాతల తాత నుంచీ ఆ పని చేస్తున్నారు. సాయంత్రం గెడ వేసేముందు గెడ మీద చెయ్యి పెట్టి, గది నంబరు కేకెయ్యాలి. లోపలి దొర హాజరు అనాలి. ఆ మాట వాళ్లందరికీ నేర్పించేవారట. హాజరు అన్నాడంటే ప్రాణంతో ఉన్నట్టు, తలుపు తియ్యక్కర్లేదు, గెడేసి పోవాలి. పలకలేదంటే ఉరి పోసుకున్నాడేమో, తీసి చూడాలి. దొరలు పోయి నూరేళ్లు దాటినా వీళ్లు పిలవడం మానలేదు. ఎవరూ పలకరు గనక రోజూ ఏడు గదులూ తీసి చూసి, మరీ గెడవేస్తున్నారు.

ఏడాదికి మూడు వందల అరవై అయిదు సాయంత్రాలు, మూడు తరాలు, ఖాళీ గదుల్ని నంబరు పెట్టి పిలవడం.

"శుక్రవారం నాలుగో గది పలికిందా?" అన్నాను.

గంగరాజు తల ఊపాడు. "పలికినాదమ్మా. హాజరు అన్నాది. మెల్లగా, తలుపు ఎనకాలే నిలబడి నా సెవిలో సెప్పినట్టు. బల్ల మందం దూరం లేదు."

"ఎవరో మనిషి ఉన్నారని తలుపు తియ్యాలనిపించలేదా?"

"పలికితే తియ్యకూడదు కదమ్మా. పలికినోడి మీద తలుపు తీస్తే మీద పడిపోతాడని మా తాత సెప్పినాడు. మా నాయనకీ ఒకపాలి పలికినాదంట. గెడేసి ఎనక్కి సూడకుండా వచ్చేసినాడంట. నానూ అలగే వచ్చేసినాను." అక్కడ ఆగి, రెండు చేతులూ మొహాన పెట్టుకున్నాడు. "అది సారే అయ్యుంటారమ్మా. దెబ్బ తగిలి, లోపల పడుండి పలికినారు. నాను గెడేసేసినాను. నానే సంపేసినాను. అయ్యగోరు ఏ కాగితం మీద ఏలిముద్ర యెయ్యమన్నా ఏసేస్తాను."

ఆయన్ని ఊరడిద్దామనే అన్నాను, చంద్రశేఖరం గారు నాలుగున్నరకి ముందే పోయారని, అయిదున్నరకి పలికింది ఆయన కాదని. అది విని గంగరాజు ఇంకా బిగుసుకుపోయాడు. మరైతే పలికినోడు ఎవడమ్మా అని అడిగాడు. అడిగి, నేనేం చెబుతానోనని చెవులు మూసుకున్నాడు.

పరిగెత్తినట్టే జయకృష్ణ గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. శవం పక్కన ప్రాణమున్న మనిషి ఇంకొకడు ఉన్నాడు, ఆ గొంతు విన్న ఒకే ఒక్క సాక్షి నీ లాకప్‌లో ఉన్నాడు, వాణ్ణి కోర్టుకి ముద్దాయిగా కాదు, సాక్షిగా తీసుకెళ్లు అన్నాను. నా జీవితంలో నోరు జారిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, దానంత ఖరీదైనది లేదు.

జయకృష్ణ నవ్వాడు. లోపల ఎవడో ఉంటే బయటి గెడ వేసే ఉండగా ఎలా బయటికి పోయాడు, కిటికీ లేని గదిలోంచి ఆవిరైపోయాడా అన్నాడు. "ముద్దాయి నిన్నటిదాకా తీసి చూశానన్నాడు. ఇవాళ దెయ్యం పలికిందంటున్నాడు. అబద్ధమైనా ఆడుతున్నాడు, మతైనా పోయింది. మీరు చెప్పడమూ మంచిదే అయింది. కోర్టులో లాయరు పిచ్చి అని లేవదీయకముందే నేనే పరీక్ష చేయించేస్తాను."

చేయించుకో అనేసి నేను బయటికి వచ్చాను. పద్నాలుగు గంటలు గెడవేసి ఉన్న గదిని చూడ్డం మీదే ధ్యాసంతా.

బంగళాకి నన్ను ఆటోలో తీసుకెళ్లినవాడు అప్పలసూరి. శనివారం పొద్దున్న పార్వతీదేవిని తీసుకెళ్లింది కూడా వీడే. శుక్రవారం రాత్రంతా భర్త ఫోను ఎత్తకపోయేసరికి ఆవిడ తెల్లవారుతూనే బయల్దేరింది. ఆ పొద్దున్న నాలుగున్నర నుంచి ఎనిమిదిదాకా ఒకటే వాన. తారు రోడ్డు దగ్గర ఆటో ఆపేసి, సరుగుడు తోటలోంచి అర కిలోమీటరు బురదలో నడిచారట. ఇసక దారి గనక వాన పడితే ఏ బండీ లోపలికి రాదు. ఇవాళ ఎండగా ఉన్నా మేం అక్కడే దిగి నడిచాం. పదకొండూ ముప్పావు.

ఏడు గదులూ ఒక వరసలో ఉన్నాయి. ముందు సన్నటి వరండా. ప్రతి తలుపుకీ బయట జానెడు గెడ, లోపలివైపు ఒట్టి బల్ల. లోపల పట్టుకు లాగడానికి కొక్కెం కూడా లేదు. దొరలు లోపలినుంచి దేన్నీ లాగాల్సిన అవసరం లేదని కట్టినవాళ్ల ఉద్దేశం కాబోలు. తలుపు గదిలోకి తెరుచుకుంటుంది.

నాలుగో గది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. పైన గాలి కోసం ఊచలు బిగించిన కంత. గోడ అడుగున నీళ్లు పోవడానికి చిన్న తూము. అధికారులెవరో చూడ్డానికి వస్తారని చంద్రశేఖరం గారు పదిరోజుల కిందటే గదులన్నిటికీ సున్నం వేయించారు. శవం పడి ఉన్నది తలుపుకి ఎదురు గోడ దగ్గర. అక్కడినుంచి పలికితే ఆ మాట తలుపు దాకా వచ్చేసరికి గది గుయ్యిమంటుంది, చెవిలో చెప్పినట్టు ఉండదు. సందేహం తీర్చుకుందామని అప్పలసూరిని వరండాలో నిలబెట్టి, తలుపు చేరవేసి, ముందు ఆ గోడ దగ్గరినుంచీ తరవాత తలుపు వెనకనుంచీ పలికాను.

రెండోసారి పలికినప్పుడు అప్పలసూరి తలుపు తోసేసి, "వద్దమ్మా, మరి పలక్కండి" అన్నాడు. నాకూ మళ్లీ పలకాలనిపించలేదు.

తలుపు పూర్తిగా తోసి, దాని వెనక మూలలోకి దూరాను. అక్కడ గోడ సున్నం రెండు చోట్ల రుద్దుకుపోయింది. ఒకటి మనిషి నిలబడితే వీపు ఆనే ఎత్తు. ఇంకొకటి కింద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఆనే ఎత్తు. కిందిది బాగా అరిగింది. ఎవరో చాలాసేపు కూర్చుని అటూ ఇటూ కదిలారు. తూము దగ్గర వంగేసరికి ముక్కు పట్టుకోవాల్సి వచ్చింది. నూరేళ్ల కిందటి దొరలది కాదు ఆ వాసన, మూడు రోజుల కిందటిది. హంతకుడైనా పద్నాలుగు గంటలు మనిషి మనిషే కదా.

ఇప్పుడు నాకు కథ కనిపించింది. వాడు చంద్రశేఖరం గారిని కొట్టి చంపాడు. బయటికి పోదామంటే వాకిట్లో గురమ్మ నెత్తళ్లు తిరగేస్తోంది. ఆవిడ లేచేదాకా ఆగుదామనుకున్నాడు. ఈలోగా గంగరాజు గదులు పిలుచుకుంటూ వస్తున్నాడు. ఒకటో గది తీసి చూసిన చప్పుడు, రెండోది, మూడోది. పలక్కపోతే తలుపు తీస్తాడు, శవాన్నీ తననీ చూస్తాడు. పలికితే తియ్యడు, కానీ గెడ పడుతుంది. వాడు పలికాడు. తను చంపిన మనిషితో పాటు తెల్లవార్లూ చీకట్లో కూర్చోవడానికి ఒప్పుకుని పలికాడు. ఎంత గుండె కావాలో తలుచుకుంటే నాకు అసహ్యంతో పాటు భయం వేసింది.

ఆ పిలుపు, దాని జవాబు తెలిసినవాడై ఉండాలి. ఊరికి తెలియని సంగతి అది. గంగరాజు వంశానికి తెలుసు, చంద్రశేఖరం గారికి తెలుసు. ఇంకెవరికి?

మరి ఎలా బయటపడ్డాడు? శనివారం తలుపు తీసినప్పుడు ఎవరెవరున్నారని అప్పలసూరిని అడిగాను. గంగరాజు గెడ తీశాడు. అమ్మగారు ముందు దూరింది, వెనక గంగరాజు, వెనక తను. "తరవాత డాక్టరుగోరు వచ్చినారు" అన్నాడు. తన ఫోనులో వీడియో ఉందని కూడా అన్నాడు. అమ్మగోరు ఏడుస్తా ఉంటే ఏటయినాదో అని తీసినాను, తప్పయితే సెరిపేస్తాను అని భయపడ్డాడు. చెరిపేస్తే నీ చెవులు కోస్తానని ఫోను లాక్కున్నాను.

డాక్టరుగారంటే సీతారామారావు. శ్రీకాకుళం ఊరి చివర కరుణాలయం అని మతిస్థిమితం లేనివాళ్లకి సొంత ఆసుపత్రి నడుపుతున్నాడు. చంద్రశేఖరం గారికి స్నేహితుడు. ఆ బంగళాలో కాపలావాళ్లతో పాటు పనిచేస్తూ దొరలకి మందూ మాకూ చూసిన దేశీ డ్రెస్సరు ఈయన ముత్తాతేనట. ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ పుస్తకం కోసం ఇచ్చాడట. పార్వతీదేవి నన్ను పిలిపించినప్పుడే ఇదంతా చెప్పింది, దేవుడిలాంటి మనిషి అని కూడా అంది. శవం దగ్గర కూర్చుని నాడి చూసి, ప్రాణం పోయిందని చెప్పింది ఆయనే.

వీడియో నలభై సెకన్లు. టైము ఏడూ పన్నెండు. నాలుగుసార్లు చూశాను. అయిదోసారి చూస్తుండగా వరండాలో బూట్ల చప్పుడైంది.

జయకృష్ణ వచ్చాడు. నేను అతని సీన్‌లో చేతులు పెడుతున్నానని ఎవరో చెప్పారట. ఒంటిగంటకి పది తక్కువ. అనుమతి లేకుండా లోపలికి వచ్చినందుకు నా మీదే కేసు పెడతానన్నాడు. పెట్టుకో, ముందు ఈ మూల చూడు అన్నాను. సున్నం గీతలు చూసి, ఏ పనివాడో ఆనుకుని ఉంటాడన్నాడు. తూము దగ్గరికి వంగమంటే వంగనన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేరం నిరూపించలేకపోతే గోడలు చూపించడం మీకు అలవాటే అన్నాడు.

"సరే, గోడలొద్దు. మనుషుల్ని చూడు. వీళ్లలో తేడాగా ఉన్నదెవరో చెప్పు" అని ఫోను అతని చేతికిచ్చాను.

"ఇది నేను శనివారమే చూశాను."

"చూశావు. ఏడుపులు చూశావు. వాన చూడలేదు."

అతను చూడసాగాడు. గంగరాజు నెత్తిమీద గోనె సంచి, ఒళ్లంతా కారుతున్న నీళ్లు. పార్వతీదేవి చీర ఒంటికి అంటుకుపోయింది, కుచ్చెళ్లు మోకాళ్లదాకా బురద. తలుపు తోసి ఆవిడ లోపలికి పరిగెత్తింది, వెనక గంగరాజు. సున్నం చుక్కలు పడిన నేల మీద వాళ్ల తడి అడుగులు. ఫోను పట్టుకున్న అప్పలసూరి చేతి మీంచి నీళ్లు గాజు మీదికి జారుతున్నాయి. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆవిడ భుజం మీద పడింది. తప్పుకోండమ్మా, నేను చూస్తాను అన్న గొంతు. సీతారామారావు వంగి కూర్చున్నాడు. పొడి చొక్కా, పొడి జుట్టు. పొడి చెప్పుల మీద ఇసక రేణువు లేదు. ఆయన అడుగు పడినచోట నేల తడవలేదు.

జయకృష్ణ మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి నిలబడి చూడలేదు, గుమ్మం మీద కూర్చున్నాడు.

"గొడుగు..." అన్నాడు.

"అర కిలోమీటరు బురదకి చెప్పులకి కూడా గొడుగు పట్టుకొచ్చాడా? ఆయన వానలోంచి రాలేదు జయకృష్ణా. ఆ తలుపు వెనకనుంచి వచ్చాడు. ముగ్గురూ శవం మీద పడ్డాక రెండడుగులు వేశాడు, అంతే. చావు దగ్గరికి డాక్టరు ఎందుకొచ్చాడని ఎవరూ అడగరు."

ఆయన్ని ఎవరు పిలిచారని అప్పలసూరిని అడిగితే, అమ్మగోరు పిలిపించారనుకున్నాను అన్నాడు. స్పీకర్ పెట్టి పార్వతీదేవికి ఫోన్ చేశాను. గంగరాజు పిలిచాడనుకున్నానంది. జయకృష్ణ గొంతు సవరించుకుని, నేను ఇంటివాళ్లు తెచ్చుకున్నారనుకున్నాను అన్నాడు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు అనుకున్నారు. ఎవరూ పిలవలేదు.

మీ ఆయనకీ డాక్టరుకీ ఈమధ్య మాట తేడా ఏమైనా వచ్చిందా అని అడిగాను. పెద్దదేం కాదు అని కాసేపు ఆలోచించి చెప్పింది. ఇక్కడ పదకొండేళ్లున్న ఒక కుర్ర తెల్ల సిపాయి సంగతి చంద్రశేఖరం గారు పుస్తకంలో రాశారట. కొండ ఊరి జనం మీద తుపాకి పేల్చనన్నాడని పైవాళ్లు పిచ్చి అని పంపేశారు. పిచ్చి లేదని డ్రెస్సరుకి తెలుసు. తన చిన్న డైరీలో ఆ మాట రాసుకుని, పెద్ద రిజిస్టరులో మాత్రం ప్రతి ఏడూ పిచ్చి అనే సంతకం చేశాడు. ఆ డైరీ పేజీ డాక్టరు ఇచ్చిన కాగితాల మధ్య పొరపాటున వచ్చింది. వచ్చే నెల ఆసుపత్రి ముందు ఆ ముత్తాత విగ్రహం ఆవిష్కరణ. ఆ ఒక్క పేజీ వదిలెయ్యమని డాక్టరు మూడుసార్లు వచ్చి అడిగాడు. పిచ్చివాళ్లని దయగా చూసిన వంశం మాది అని ఊరంతా చెప్పుకునే మనిషి కదా పాపం అంది. మా ఆయన ఒప్పుకోలేదంది. తను ఏం చెప్పిందో ఆవిడకి అప్పుడే అర్థమైంది.

జయకృష్ణ లేచి నిలబడ్డాడు. మనిషి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఓడిపోయినందుకు అలా అయ్యాడనుకున్నాను, సంతోషించాను కూడా. దాచుకోను.

"గంగరాజుని వెంటనే విడిపించు. గొంతు గుర్తుపట్టమంటే పడతాడు. ఆ డాక్టరు చేత ఒక్క మాట పలికిస్తే చాలు" అన్నాను.

"గంగరాజు స్టేషన్లో లేడు" అన్నాడు జయకృష్ణ.

నేను వెళ్లిన పావుగంటకే ఆయన డాక్టరుకి ఫోన్ చేశాడట. ముద్దాయి ఇలా ఇలా గొంతు విన్నానంటున్నాడు, మతి పరీక్ష చెయ్యాలి అని పూసగుచ్చినట్టు చెప్పాడట. పెద్దాసుపత్రిలో పెడితే సాయంత్రం అవుతుంది, నా దగ్గరికి పంపండి, గంటలో సర్టిఫికెట్ ఇస్తాను అన్నాడట సీతారామారావు. చిన్న పనే కదా అని జయకృష్ణ సంతకం పెట్టి, ఇద్దరు కానిస్టేబుళ్లతో పంపేశాడు. ఆ గొంతు విన్న ఒకే ఒక్క మనిషిని, ఆ గొంతు యజమాని ఇంటికే పంపాడు. పంపింది ఆయన, దారి చూపింది నేను. నేను నోరు మూసుకుని ఉంటే గంగరాజు ఈపాటికి లాకప్‌లో క్షేమంగా ఉండేవాడు.

జయకృష్ణ కానిస్టేబుళ్లకి ఫోన్ కలిపాడు. పేషెంటుని అడ్మిట్ చేసుకున్నాం, మీరు భోంచేసి రండి అని డాక్టరుగారు పంపించారు సార్, హోటల్లో ఉన్నాం అన్నాడు ఒకడు. కరుణాలయానికి కలిపితే మోగి మోగి ఆగిపోయింది. సార్ వార్డులో ఉన్నారని రెండోసారి ఎవరో ఎత్తి పెట్టేశారు.

జీపు తారు రోడ్డు మీద ఉంది. తోటలోంచి పరిగెత్తాం. నాకు యాభై మూడేళ్లు, చీర కాళ్లకి అడ్డం పడుతోంది, అయినా జయకృష్ణకి నాలుగడుగులే వెనక ఉన్నాను. రోడ్డు దగ్గర బస్సు దిగి గురమ్మ ఎదురొచ్చింది. పొద్దున్న ఒళ్లో పెట్టుకున్న కేరేజి అలాగే చేతిలో ఉంది. మనిషి మాత్రం మారిపోయింది. తల దువ్వుకుని, మొహం కడుక్కుని, నన్ను చూసి నవ్వింది.

గంగరాజుని చూశావా అని అడిగాను. చూడనివ్వలేదంది. "నిద్దరోతన్నాడంట అమ్మా. సూది మందేసినారంట. మూడ్రోజుల్నించీ కంటి మీద కునుకు లేదు ఆడికి, పోనీలే అనుకున్నాను."

కాగితం మీద ఏమైనా వేలిముద్ర వేయించుకున్నారా అని జయకృష్ణ అడిగాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

"ఏసినాను బాబూ. డాక్టరుగోరే దగ్గర కూకోబెట్టి సదివి ఇనిపించినారు. పిచ్చి అని రాసేస్తే ఉరి ఉండదన్నారు. నా సేతిలో సెయ్యేసి సెప్పినారు." గురమ్మ నాకేసి తిరిగింది. "రొండు గంటలకి ఇంకో సూదున్నాదంట. అదేసినాక ఆ గొంతు ఆడికి మరింకెప్పుడూ ఇనపడదంట. బతికిపోనాడు కదమ్మా?"

జయకృష్ణ వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటా ఇరవై ఎనిమిది. శ్రీకాకుళం అక్కడికి ఇరవై ఏడు కిలోమీటర్లు.

నేను గురమ్మని రెక్క పట్టుకుని జీపులోకి ఎక్కించాను.